శివారు చేనుకు నీరు, కొత్త కబురుకు చూపు

కిందటి సార్వాలో (ఖరీఫ్ పంటకాలంలో), ఆగస్టు నెలలో ఒక రాత్రి 11 గంటల తరవాత, సముద్రం వైపు చిట్టచివరన ఉన్న ఊరి రైతొకాయన మా సైటులో నాలుగు వాక్యాల కబురు పెట్టారు. మురుగు కాలువ గట్టు ఒకచోట జారిపోతోందని, తెల్లవారేలోగా ఇసుక బస్తాలు వేయకపోతే గండి పడి ఊడ్చిన చేలన్నీ మునుగుతాయని, దగ్గరలో ట్రాక్టరు ఉన్నవాళ్ళు రావాలని అందులో ఉంది. ఉదయం 6 గంటలకు నేను చూసేసరికి దానికి ఆయన సొంత ఓటు కాక మరొక్క ఓటు మాత్రమే వచ్చింది. అది కువైట్‌లో పని చేస్తున్న ఆ ఊరి మనిషి వేసినది. మనకు 11 గంటలైతే అక్కడ ఎనిమిదిన్నర కాబట్టి ఆయన మేలుకొని ఉన్నారు. ఆ వేళకు మా మొదటి పేజీలో అన్నిటికన్నా పైన ఉన్నది, ముందురోజు మధ్యాహ్నం 3 గంటలకు వచ్చిన, అమలాపురంలో కొత్తగా తెరిచిన బిర్యానీ హోటలు ఫోటోల కబురు. గట్టుకు గండి రాత్రే పడిపోయింది.

ఆ రైతు మధ్యాహ్నం నాకు ఫోను చేశారు. కోపంగా మాట్లాడలేదు. "అబద్ధమనుకుని పక్కన పెట్టేశారాండీ?" అని అడిగారు. లేదండీ, ఎవరూ చూడలేదు అని చెప్పాను. "చూడకుండానే కిందికి ఎలా పోయిందండీ మరి?" అన్నారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతకడానికి నాకు చాలా నెలలు పట్టింది. దొరికినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

కోనసీమ ఊళ్ళ కోసం మేం నలుగురం స్నేహితులం ఈ చిన్న సైటును నడుపుతున్నాం. ఎవరైనా కబురు పెట్టవచ్చు, చదివినవారు ఓటు వేయవచ్చు, ఓట్లనూ కబురు వయసునూ కలిపి లెక్కగట్టి మొదటి పేజీలో వరస నిర్ణయిస్తాం. ఆ లెక్క మేం కనిపెట్టింది కాదు. 2007లో పాల్ గ్రాహమ్ మొదలుపెట్టిన హ్యాకర్ న్యూస్ అనే సైటు వాడుతున్నదిగా అందరికీ తెలిసిన సూత్రాన్నే తెచ్చి పెట్టుకున్నాం: మొత్తం ఓట్లలోంచి కబురు పెట్టినవారి సొంత ఓటును తీసివేయాలి, గంటల్లో లెక్కించిన వయసుకు 2 కలిపి, దాన్ని 1.8వ ఘాతానికి పెంచాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఆ తెల్లవారుజామున మా పేజీలో ఈ లెక్క ఎలా పడిందో తరవాత కూర్చుని చూశాను. బిర్యానీ కబురుకు సొంత ఓటు తీసేయగా 120 ఓట్లు, వయసు 15 గంటలు, కనుక విలువ 0.73. గట్టు కబురుకు 1 ఓటు, వయసు దాదాపు 7 గంటలు, విలువ 0.02. సూత్రం తప్పు చేయలేదు, తనకిచ్చిన అంకెలతో లెక్క సరిగ్గానే చేసింది. ఆ రైతు కబురుకు మొదటి గంటలో సొంత ఓటు కాక మొత్తం 12 ఓట్లు పడి ఉంటే దాని విలువ 1.66కు చేరి, అప్పటికి 1.56 దగ్గర ఉన్న బిర్యానీ ఫోటోలను దాటి పైకి వచ్చేది. ఆ 12 ఓట్లు వేయగలిగినవారి కంట అది పడకపోవడమే జరిగిన నష్టం.

2005లో మొదలైన రెడ్డిట్ అనే సైటు వాడిన పాత లెక్క మరో తీరుది. అందులో పాతది కిందికి జారదు, కొత్తది పుడుతూనే ఎత్తున పుడుతుంది. ఓట్లకు సంవర్గమానం (10కి 1, 100కి 2 అయ్యే లెక్క) తీసుకుని, కబురు వచ్చిన సమయాన్ని 45,000 సెకన్లతో భాగించి కలుపుతారు. 45,000 సెకన్లంటే పన్నెండున్నర గంటలు. అంటే పన్నెండున్నర గంటల కిందట వచ్చి 100 ఓట్లు తెచ్చుకున్న కబురూ, ఇప్పుడే వచ్చి 10 ఓట్లు తెచ్చుకున్న కబురూ సమానమవుతాయి. మొదటి 10 ఓట్లకున్న బరువు ఆ తరవాతి 90 ఓట్లకు ఉందన్నమాట. కొత్తవాటికి ఇది కొంత మేలు చేసే ఏర్పాటే గాని, ఆ మొదటి 10 ఓట్లు ఎక్కడినుంచి వస్తాయన్న ప్రశ్నకు ఇందులోనూ సమాధానం లేదు. ఈ సైట్లన్నిటిలోనూ కొత్త కబుర్లకు విడిగా ఒక పేజీ ఉంటుంది. మొదటి పేజీ చూసేవారిలో చాలా కొద్దిమందే ఓపిక చేసుకుని అక్కడికి వెళతారు. ఆ కొద్దిమంది ఆ అరగంటలో ఏ పనిలో ఉన్నారన్నదాని మీద ఒక కబురు బతుకు ఆధారపడటం నాకు మొదటినుంచీ మింగుడుపడని విషయం.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎంత నీరు వదిలినా, కాలువ మొదట్లో ఉన్న చేలు తడిశాకే శివారుకు నీరు అందుతుంది. దాళ్వాలో (రబీ పంటకాలంలో) గోదావరి ప్రవాహం తగ్గి సీలేరు నీటి కోసం ఎదురుచూసే రోజుల్లో శివారు చేలు నెర్రెలు విచ్చుతాయి. ఆ చేను ఎండింది కాబట్టి దాని నేల మంచిది కాదని ఏ రైతూ అనడు. నీరు అందలేదు అంటాడు. మా సూత్రం మాత్రం ఆ రెండిటికీ తేడా తెలియనిది. సున్నా ఓట్లు కనిపిస్తే అవి చదివి వద్దనుకున్నందువల్ల వచ్చిన సున్నానా, అసలు చూడనందువల్ల వచ్చిన సున్నానా అని అది అడగదు. నీటి ఎద్దడి ఏళ్ళలో ఇంజనీర్లు అమలు చేసే వంతులవారీ విధానం నాకు గుర్తొచ్చింది అక్కడే. ఈ కాలువకు ఇన్ని రోజులు, ఆ కాలువకు ఇన్ని రోజులు అని వంతు వేసి, ఎగువ తూములు దించి, నీటిని చివరిదాకా నడిపిస్తారు. దిగుబడి ఎంతన్న లెక్క నీరందిన తరవాతి మాట.

మొదట్లో దొరికిన చూపులు చివరిదాకా ఎంత తేడా తెస్తాయో పరీక్షించి చూసినవాళ్ళున్నారు. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో 14,341 మంది పాల్గొన్నారు. ఎవరికీ అంతగా తెలియని బృందాల 48 పాటలను పెట్టి, కొందరికి ఏ పాటను ఇతరులు ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపలేదు. మిగిలినవారిని ఒకదానితో ఒకటి సంబంధం లేని 8 లోకాలుగా విడదీసి, ఎవరి లోకంలోని అంకెలు వారికే చూపించారు. పాటలు అవే అయినా ఒక్కో లోకంలో ఒక్కో పాట పైకి వచ్చింది. చాలా మంచి పాట అడుక్కి పోవడం, బాగా నాసిరకం పాట నెత్తికెక్కడం అరుదుగానే జరిగాయి గాని, మధ్యలో ఉన్నవాటికి ఏ గతైనా పట్టవచ్చునని తేలింది. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ ఒక వార్తల సైటులో లక్షకు పైగా వ్యాఖ్యల మీద చేసిన పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. వ్యాఖ్య పుట్టగానే ఏ కారణమూ లేకుండా ఒక్క అనుకూలపు ఓటు వేసి వదిలేస్తే, తరవాత మొదట చూసినవారు అనుకూలంగా ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి సగటు విలువ 25 శాతం పెరిగింది. ఇలాగే వేసిన ప్రతికూలపు ఓటును మాత్రం జనమే సరిదిద్దారు. ఈ రెండూ చదివాక ఓట్ల లెక్కను మాత్రమే మెరుగుపరచే ఆలోచన మానుకుని, ఓటుకు ముందు జరిగేదాని మీద దృష్టి పెట్టాను.

మేం చేసిన మొదటి మార్పుకు మా మధ్య ఉన్న పేరు వంతు. మొదటి పేజీలో 4వ స్థానాన్నీ 9వ స్థానాన్నీ ఓట్ల లెక్కలోంచి తీసేసి కొత్త కబుర్లకు కేటాయించాం. ప్రతి కొత్త కబురూ 60 మంది కంట పడేదాకా ఆ రెండు స్థానాల్లో వంతుల ప్రకారం కనిపిస్తుంది. అప్పటిదాకా దానికి వరసలో మంచీ చెడూ అంటగట్టం. 60 అన్నది ఊరికే అనుకున్న అంకె కాదు. నిజంగా పనికొచ్చే కబురును చూసినవాళ్ళలో 20 మందికి ఒకరు ఓటు వేస్తారనుకుందాం. 20 మందికే చూపిస్తే, అంత మంచి కబురుకు కూడా ఒక్క ఓటైనా రాకపోయే అవకాశం 100లో 36. 40 మందికి చూపిస్తే 13. 60 మందికి చూపిస్తే అది 5 లోపుకు వస్తుంది. ఇంకా పెంచవచ్చు గాని కాలువలో నీరు ఎంతో దానికి సరిపడే ఆయకట్టే పెట్టుకోవాలి కదా. రోజుకు 1500 సార్లు మొదటి పేజీ తెరుచుకునే సైటులో, ఆ రెండు స్థానాలదాకా ప్రతిఒక్కరూ వచ్చారనుకున్నా, 3000 చూపులు దొరుకుతాయి. కబురుకు 60 చొప్పున 50 కబుర్లకు వంతు వేయవచ్చు. రోజూ 200 కబుర్లు వచ్చే చోట ఈ ఏర్పాటు ఇలాగే నిలవదు. అక్కడ స్థానాలు పెంచాలి, లేదా వంతు తగ్గించాలి. ఎంత తగ్గిస్తే ఎన్ని మంచి కబుర్లు చేజారతాయో పైలెక్కే చెబుతుంది గనుక కనీసం తెలిసి తగ్గించవచ్చు.

దీనితోపాటు ఓట్లను లెక్కించే పద్ధతిని మార్చడం తప్పనిసరైంది. ఎన్ని ఓట్లు అని కాక, ఎన్ని చూపులకు ఎన్ని ఓట్లు అని చూడాలి. చెప్పడానికి తేలికగా ఉన్నా, చూపు అంటే ఏమిటో తేల్చుకోవడానికే మాకు రెండు వారాలు పట్టింది. పేజీ తెరవగానే 30 కబుర్లూ చూసినట్టు రాసుకుంటే అడుగున ఉన్నవాటికి అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే ఫోను తెరమీద ఒక్కసారికి నాలుగుకు మించి పట్టవు, మిగిలినవాటి కోసం వేలితో పైకి జరపాలి. అందుకని కబురు తెరమీద ఒక సెకను పాటైనా నిలిస్తేనే చూపుగా లెక్కిస్తున్నాం. అప్పటికీ పైస్థానాల మొగ్గు పూర్తిగా పోదు. పైన ఉన్నది ముఖ్యమైనదే అయ్యుంటుందన్న నమ్మకంతో చదివేవారు చాలామంది. ఆ మొగ్గు ఎంతో తెలుసుకోవడానికి, ఒకే కబురును కొందరికి 4వ స్థానంలోనూ కొందరికి 12వ స్థానంలోనూ చీటీ తీసినట్టు మార్చి చూపించి, రెండుచోట్లా వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి దిద్దుబాటు వేసుకున్నాం. ర్యాంకింగ్ పనిలో నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించిన భాగం ఇదే.

ఇక, తక్కువ చూపులు పడ్డవాటి మీద తీర్పు ఎలా ఇవ్వాలన్నది. ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన సూత్రం ఒకటుంది. రెడ్డిట్ 2009 నుంచి వ్యాఖ్యల వరసకు దాన్ని వాడింది. ఉన్న ఆధారాన్ని బట్టి అసలు విలువ కనీసం ఎంత ఉంటుందో అది చెబుతుంది. 5 ఓట్లలో 5 అనుకూలమైతే నూటికి నూరు అనుకోకుండా 0.57 దగ్గర ఆపుతుంది. 100లో 90 అనుకూలమైతే 0.83 ఇస్తుంది. చాలా జాగ్రత్తయిన పద్ధతి. నిలకడగా ఉన్నవాటిని వరస పెట్టడానికి నాకు ఇంతకన్నా ఇష్టమైనది లేదు. కొత్త కబుర్ల విషయంలో మాత్రం ఈ జాగ్రత్తే కీడు చేస్తుంది, తెలియనిదాన్ని తక్కువదిగా కడుతుంది కనుక. మార్టేరు పరిశోధన స్థానంలో తయారైన వరి రకాలను మన రైతులు అందుకున్న తీరు చూడండి. స్వర్ణగా అందరికీ తెలిసిన ఎంటీయూ 7029 అక్కడిదే. కొత్త విత్తనాన్ని ముందు మినీకిట్లుగా, అంటే చిన్న పొట్లాలుగా ఇస్తారు, రైతు కొద్ది సెంట్లలో వేసి చూస్తాడు. దిగుబడి తెలియదు కాబట్టి వద్దని ఊరుకోడు, తెలియదు కాబట్టి మొత్తం చేలో చల్లేయడు.

కొత్త విత్తనాన్ని ఇలా వేసి చూసే రైతు పనినే విలియం థాంప్సన్ 1933లో గణితంగా రాశాడు. రెండు వైద్యాల్లో ఏది మంచిదో ఇంకా తేలనప్పుడు రోగులను వాటి మధ్య ఎలా పంచాలన్నది ఆయన ప్రశ్న. మా సైటులో అది ఇలా పనిచేస్తుంది. 1000 చూపులకు 60 ఓట్లు వచ్చిన కబురు అసలు విలువ 6 శాతానికి అటూఇటూగా ఇరుకైన హద్దుల్లో ఉంటుంది. 20 చూపులకు 3 ఓట్లు వచ్చినదాని విలువ 15 శాతం అనిపించినా నిజానికి అయిదో, ముప్పయ్యో కూడా కావచ్చు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఒక్కో కబురుకు దాని హద్దుల్లోంచి చీటీ తీసినట్టు ఒక అంకె తీసి, ఆ అంకెల ప్రకారం వరస పేరుస్తాం. హద్దులు వెడల్పుగా ఉన్న కొత్త కబురు కొన్నిసార్లు పైకి, కొన్నిసార్లు కిందికి పోతుంది. చూపులు పెరిగేకొద్దీ హద్దులు దగ్గరపడి తన చోట తాను కుదురుకుంటుంది. వంతు అయిపోయిన మరుక్షణం కబురు అడుక్కి పడిపోకుండా ఇది అడ్డుకుంటోంది.

వయసు లెక్కలో చిన్న మార్పు చేశాం. గడియారపు గంటలకు బదులు, కబురు వచ్చాక సైటు మొత్తానికి ఎన్ని చూపులు వచ్చాయో దాన్నే వయసుగా తీసుకుంటున్నాం. అర్ధరాత్రి అందరూ నిద్రపోతుంటే కబురు ముసలిదవడంలో న్యాయం లేదు.

ఊళ్ళ సంగతి ఇంత సులువుగా తేలలేదు. ఒక వాట్సాప్ గ్రూపులో పిలుపు ఇచ్చి పావుగంటలో 16 ఓట్లు వేయించడం ఎక్కడైనా జరిగేదే. 2004లో మొదలైన డిగ్ సైటును కలిసికట్టుగా ఓటు వేసే కొద్దిమంది ఎంతగా శాసించారో ఆ రోజుల్లో దాన్ని చూసినవారికి తెలుసు. అందుకని ఒక ఊరినుంచి వచ్చిన ఓట్లకు వర్గమూలం తీసుకుని కలపాలనుకున్నాం. ఒకే ఊరివి 16 ఓట్లయితే వాటి బరువు 4, పదహారు ఊళ్ళవైతే 16. వారంలోనే లోపం కనబడింది. గట్టు జారిపోతున్న కబురు ఆ ఊరికీ, ఆ మురుగు కాలువ పొడుగునా ఉన్న మరి నాలుగు ఊళ్ళకీ ప్రాణంతో సమానం, దూరంగా ఎగువన ఆత్రేయపురంలో ఉన్నవారికి అది పట్టదు. వర్గమూలం పెట్టి మేం శిక్షించింది సరిగ్గా అలాంటి కబుర్లనే. ఇప్పుడు వంతులోని 60 చూపుల్లో 30 ఆ ఊరికీ దాని చుట్టుపక్కల ఊళ్ళకీ ఇస్తున్నాం, మిగిలిన 30 బయటి ఊళ్ళకు. చుట్టుపక్కలవారి ఓట్లు ఆ ఊళ్ళవారు చూసే పేజీలోనే బరువు చూపుతాయి. అందరి పేజీలోకి ఎక్కాలంటే బయటి ఓట్లు కావాలి. దీనివల్ల అమలాపురంలో కనిపించే మొదటి పేజీ, శివారు ఊళ్ళో కనిపించే మొదటి పేజీ ఒకటి కావు. అందరూ ఒకే పేజీ చూడటంలో ఉన్న విలువ కొంత పోయింది, నాకు ఆ బాధ ఉంది, అయినా మార్చను.

ఎంత లెక్క వేసినా జారిపోయేవి ఉంటాయి. హ్యాకర్ న్యూస్‌లో నిర్వాహకులు అలాంటివాటిని ఏరి, రెండో అవకాశంగా మొదటి పేజీ అడుగుభాగంలో మళ్ళీ పెడతారు. మేం నలుగురం వారానికి ఒకరం చొప్పున, తెల్లవారుజామున 5 గంటలకు లేచి, వంతు నిండినా ఓటు రాని కబుర్లను చదివి, రెండుమూడింటికి మళ్ళీ వంతు ఇస్తున్నాం. ఏది ఎందుకు ఎత్తామో కారణం కబురు కిందే అందరికీ కనిపించేలా రాస్తాం.

ధవళేశ్వరం ప్రమాద హెచ్చరికలను ఓట్లకు వదలడం మానేశాం. 11.75 అడుగులకు మొదటిది, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది వస్తుంది; బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు చేరిందని వాటి అర్థం. లంక గ్రామాల వారికి అవి ఎంత ముఖ్యమో తేల్చడానికి ఎవరి ఓటూ అవసరం లేదు. హెచ్చరిక ఉపసంహరించేదాకా అవి వరసకు బయట, పేజీ నెత్తిన ఉంటాయి.

ఇప్పటికీ నన్ను వేధిస్తున్నది ఓటే. మన ఊళ్ళలో కబురు చదివి ట్రాక్టరు తీసుకుని బయలుదేరినవాడు బాణం గుర్తు నొక్కడు, వెళ్ళిపోతాడు. బిర్యానీ ఫోటో చూసినవాడు నొక్కుతాడు. పనికొచ్చిన కబురుకే ఓటు తక్కువ వచ్చే చోట, చూపులకు ఓట్ల నిష్పత్తి ఎంత జాగ్రత్తగా కట్టినా అది కొలిచేది నచ్చడాన్నే. అందుకని ఈ దాళ్వా నుంచి బాణం పక్కన "వెళ్తున్నాను", "తెలియజేశాను" అని రెండు మీటలు పెడుతున్నాం. వాటిని ఓటుకు ఎన్ని రెట్లుగా లెక్కించాలో ముందే అనుకోకుండా, మూడు నెలలు ఊరికే నమోదు చేసి చూస్తాం. ఆ రెండు మాటలు ఏవి ఉండాలో సూచించింది ఫోను చేసిన ఆ రైతే. నీటి వంతులు మొదలయ్యాక కాలువ చివర నీరు ఎక్కడిదాకా వచ్చిందో రోజూ పొద్దున్నే రాసి పెడతానని కూడా ఆయన మాట ఇచ్చారు.